రొట్టె ఇప్పుడే ఆపకు

గుంటూరు

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు, రిపోర్టులు, చిన్నాడి బరువు రాసుకున్న టీకాల పుస్తకం పేజీలు అన్నీ చూశాను. ఫోన్లో చెబితే సగం నీకు గుర్తుండదు, మిగతా సగం మీ ఆయనకు చెప్పేసరికి మారిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం అంతా ఇప్పుడే చదివే తీరిక లేకపోతే ఈ ఒక్క మాట పట్టుకో: రక్తపరీక్ష అయ్యేదాకా, అవసరమైతే ఎండోస్కోపీ కూడా అయ్యేదాకా, వాడికి గోధుమ ఆపొద్దు.

మీ పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పింది. వాళ్ల పిల్లాడికి సీలియాక్ అనే గోధుమ పడని జబ్బు ఉంది కాబట్టి మన వాణ్ని చూడగానే పోల్చుకుంది. ఆవిడ అనుమానం సరైనదేనని నాకూ గట్టిగా అనిపిస్తోంది. కానీ రేపటినుంచే రొట్టెలు మానిపించెయ్యమన్న సలహా మాత్రం పాటించకు.

నాకు అనుమానం ఎందుకొచ్చిందో చెబుతాను. నాలుగేళ్లు నిండిన మగపిల్లాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో నడిమధ్యన ఉంటే 16 కిలోల పైన, 103 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాడు. మనవాడు 12 కిలోలు, 93 సెంటీమీటర్లు. ఒక రోజు తీసిన కొలత తక్కువగా ఉందని నేనెప్పుడూ కంగారుపడను. సన్నగా పుట్టి సన్నగానే హాయిగా పెరిగే పిల్లలు బోలెడంతమంది. నేను చూసేది ఎదుగుదల గీతని. ఏడాది నిండేదాకా వాడు తన గీత వెంబడే చక్కగా పెరిగాడు. ఏడాదిన్నర దగ్గర్నుంచి బరువు ఆగింది, ఆ తర్వాత కొన్నాళ్లకు ఎత్తు కూడా ఆగింది. పాలు తగ్గి రొట్టె, దలియా, బిస్కెట్లు పెరిగింది సరిగ్గా ఆ వయసులోనే. స్నానం చేయించేటప్పుడు తీసిన ఫోటోలో పొట్ట ముందుకు పొంగి ఉంది, పిరుదుల దగ్గర మాత్రం కండ కరిగి చర్మం ముడతలు పడింది. దొడ్డికి వెళితే భరించలేని వాసన, నీళ్లు కొట్టినా జిడ్డుగా అంటుకునే ఉంటుందన్నావు. తిన్న కొవ్వు ఒంటికి పట్టకుండా బయటికి పోతోందన్నమాట.

అన్నిటికన్నా నన్ను ఆపింది హిమోగ్లోబిన్. ఈ వయసులో 11 కన్నా తగ్గితే రక్తహీనత అంటాం. వాడికి 8.2. ఐరన్ సిరప్పు నెలల తరబడి తప్పకుండా పట్టించావు, రెండుసార్లు నులిపురుగుల మందు కూడా వేయించావు, అయినా అంకె కదల్లేదు. ఐరన్‌ని ఒంట్లోకి తీసుకునేది జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగం. సీలియాక్ ముందుగా దెబ్బతీసేదీ ఆ భాగాన్నే. అందుకే ఐరన్‌కి లొంగని రక్తహీనత కనిపిస్తే పిల్లల డాక్టరు సీలియాక్ గురించి ఆలోచించి తీరాలి. అలా ఆలోచించకుండా సిరప్పు కంపెనీ మార్చి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

ఎండాకాలం సెలవుల్లో తెనాలి వచ్చినప్పుడు వాడు తేరుకున్నాడని మీ అమ్మ ఇప్పటికీ చెప్పుకుని మురుస్తుంది. నిజంగానే తేరుకున్నాడు, నేనూ చూశాను. మీ అమ్మ చేతివంట గొప్పదే, ఆ మాట కాదనను. కానీ ఆ ఇంట్లో పొద్దున ఇడ్లీ, రెండుపూటలా అన్నం, సాయంత్రం అరటిపండో సున్నుండో. గోధుమ వాడి నోట్లో పడ్డదే తక్కువ. మళ్లీ గురుగ్రామ్ వెళ్లి స్కూల్ డబ్బాలో పరాఠాలు మొదలయ్యాయి, నెల తిరిగేసరికి విరేచనాలూ చిరాకూ మొదలయ్యాయి. మీరు దాన్ని నీళ్లు పడకపోవడం అనుకున్నారు, మీ అమ్మ దిష్టి అంది.

మన వైపు ఈ జబ్బు ఎవరికీ చప్పున తట్టకపోవడానికి కారణం ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల జనంలో చేసి 2011లో ప్రచురించిన సర్వేలో 96 మందిలో ఒకరికి సీలియాక్ తేలింది. 2016లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాదిలో ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్దవాళ్ల రక్తం పరీక్షించారు. ఈ జబ్బుకు సంబంధించిన యాంటీబాడీలు ఉత్తరాదిలో నూటికి 1.23 మందిలో ఉంటే దక్షిణాదిలో 0.10 మందిలోనే ఉన్నాయి. దక్షిణాది వాళ్ల రక్తంలో ఏదో రక్షణ ఉందనుకోవద్దు. జబ్బుకు దారినిచ్చే జన్యువులు ఉత్తరాదిలో 38 శాతం మందికి ఉంటే మన దక్షిణాదిలో 36 శాతం మందికి ఉన్నాయి. అదే అధ్యయనంలో రోజువారీ గోధుమ వాడకం ఉత్తరాదిలో సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. అంటే జన్యువులు ఇద్దరి దగ్గరా దాదాపు సమానమే, తేడా ఎక్కువగా కంచంలో ఉంది. షుగరు భయంతో రాత్రిపూట పుల్కాలు, పిల్లలకు నూడుల్స్, బ్రెడ్డు మన ఊళ్లలోనూ మామూలైపోయాయి కాబట్టి గుంటూరు, వరంగల్ డాక్టర్లు కూడా ఈ జబ్బును మనసులో పెట్టుకోవాల్సిన రోజులొచ్చాయని నా అభిప్రాయం.

ఇప్పుడు రొట్టె ఎందుకు ఆపొద్దన్నానో చెబుతాను. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. తువ్వాలు మీద పోగుల్లా సన్నటి మొలకలు ఒత్తుగా నిలబడి ఉంటాయి. పాఠ్యపుస్తకాల్లో ఆంత్రచూషకాలు అని చదువుకునుంటావు. తిన్నదాన్ని పీల్చుకునేవి అవే. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పూర్తిగా అరగదు. ఆ ముక్కలు పేగు గోడలోకి వెళ్లినప్పుడు, ఆ జన్యువులున్న కొందరిలో శరీరపు రక్షణ వ్యవస్థ వాటిని శత్రువుగా పొరబడి యుద్ధం మొదలుపెడుతుంది. ఆ యుద్ధంలో సొంత పేగు గోడే దెబ్బతిని చూషకాలు అరిగి చదునైపోతాయి. రక్తంలో మనం వెతికే యాంటీబాడీలు ఆ యుద్ధం జరుగుతోందనడానికి గుర్తులు. గోధుమ ఆపావనుకో, యుద్ధం ఆగుతుంది. మెల్లమెల్లగా యాంటీబాడీలు తగ్గుతాయి, చూషకాలు మళ్లీ మొలుస్తాయి. పిల్లాడికి మంచిదే. కానీ అప్పుడు పరీక్ష చేస్తే ఏమీ లేదని రావచ్చు. ఆ రిపోర్టు పట్టుకుని జబ్బు ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

అప్పుడు తేల్చుకోవాలంటే మళ్లీ వారాల తరబడి గోధుమ తినిపించి, వాణ్ని మళ్లీ బాధపెట్టి పరీక్ష చేయాలి. ఐదేళ్లలోపు పిల్లల్లో, ఈడు వచ్చే వయసులో, పెరుగుదల దెబ్బతింటుందని అలా చేయడానికి డాక్టర్లు వెనకాడతారు. ఇప్పుడు వాడు రోజూ తింటూనే ఉన్నాడు కాబట్టి ఆ కష్టం లేదు. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ ఉన్న తిండి తినాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతాయి. వాడి రెండు చపాతీలూ బ్రెడ్డు ముక్కా అలాగే సాగనీ. పరీక్షలు కాకుండా తెనాలి ప్రయాణం పెట్టుకోకు. అమ్మ పిలుస్తోందని నాకు తెలుసు, నేను చెబుతాను దానికి. అయితే ఒక్క జాగ్రత్త: విరేచనాలు ఎక్కువై, వాంతులతో వాడు వాడిపోయి, కాళ్లకు నీరు పట్టినట్టు కనిపిస్తే పరీక్ష తేదీ కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు. అప్పుడు గోధుమ సంగతి అక్కడి డాక్టర్లే చూసుకుంటారు.

"మానేశాక బాగుపడితే అదే రుజువు కదా పెద్దమ్మా?" అని నువ్వు అడిగిన ప్రశ్న చిన్నదేం కాదు. వైద్యులే దశాబ్దాలపాటు దాని దగ్గర దారి తప్పారు. 1888లో లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బును స్పష్టంగా వర్ణించి, నయమయ్యేదంటూ ఉంటే తిండితోనే నయం కావాలన్నాడు. అంతవరకు గొప్ప చూపు. కానీ ఏ తిండి అన్నది తెలియక అన్నం కూడా వద్దన్నాడు. రోజూ ఆల్చిప్పల మాంసం తిన్న ఒక పిల్లాడు ఆయన కళ్లముందే కోలుకున్నాడు. వాటి కాలం అయిపోగానే మళ్లీ జబ్బుపడ్డాడు. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టాడు, చాలామంది పిల్లలు బాగుపడ్డారు, పేరంతా అరటిపండుకు వచ్చింది. పిల్లలు బాగుపడింది అరటిపండు తిన్నందుకు కాదు, రొట్టె తిననందుకు. ఆ సంగతి తెలియకపోవడంతో జబ్బు నయమైందనుకుని పిల్లలకు మళ్లీ మామూలు తిండి పెట్టేవారు, లోపల పేగు మళ్లీ పాడయ్యేది.

చిక్కుముడి విప్పింది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో పనిచేసిన విల్లెం కారెల్ డికే అనే పిల్లల డాక్టరు. గోధుమ మీద ఆయనకు 1930లలోనే అనుమానం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో, ఆ దేశాన్ని కరువు పట్టింది. రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ దొరికేసరికి మళ్లీ జబ్బుపడ్డారు. అంత స్పష్టంగా కనిపించినా డికే అక్కడితో ఆగలేదు. ఏ ధాన్యం పెడితే మలంలో ఎంత కొవ్వు పోతోందో తోటి పరిశోధకులతో కలిసి కొలిచి చూపించాడు. 1950లో తన సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. తెనాలి సెలవులు మనకు ఆ చలికాలం లాంటి ఆధారమే ఇచ్చాయి. దాని తర్వాత కొలవడం అనే పని ఇంకా మిగిలి ఉంది.

పైగా గోధుమ మానేస్తే సీలియాక్ లేనివాళ్లకు కూడా కడుపు ఉబ్బరం తగ్గవచ్చు. కొన్ని విరేచనాలు వాటంతటవే తగ్గుతాయి. ఇది నెలరోజుల పథ్యం అయితే నేనింత పట్టుబట్టను. జబ్బు ఉంటే జీవితాంతం మానాలి, కొంచెం తింటే ఏమవుతుందన్న మాటే ఉండదు. లేకపోతే ఊరికే మాన్పించి పిల్లాణ్ని పుట్టినరోజు పార్టీల్లో పక్కన కూర్చోబెట్టడం అన్యాయం. వాడు పదిహేనేళ్లకు హాస్టల్‌కి వెళ్తాడు. చేతిలో గట్టి రిపోర్టు ఉంటే తన జబ్బేమిటో తనకు తెలుస్తుంది. చిన్నప్పుడు అమ్మ ఎందుకో మాన్పించిందని మాత్రమే తెలిస్తే స్నేహితులతో పాటు సమోసా తినేస్తాడు.

పరీక్షల సంగతికొద్దాం. మొదటి రక్తపరీక్షలో రెండు కలిపి రాయించు: పైన చెప్పిన యాంటీబాడీలను వెతికే టీటీజీ-ఐజీఏ, దాంతోపాటు మొత్తం ఐజీఏ. రెండోది చాలాచోట్ల వదిలేస్తారు, నువ్వే అడుగు. సీలియాక్ ఉన్నవాళ్లలో నూటికి రెండు మూడు మందికి అసలు ఐజీఏ రకం యాంటీబాడీలే తయారు కావు. అలాంటి పిల్లాడికి టీటీజీ-ఐజీఏ ఎప్పుడు చేసినా లేదనే వస్తుంది, జబ్బు మాత్రం లోపల ఉంటుంది. అలాంటప్పుడు ఐజీజీ రకం పరీక్షలు చేస్తారు. ఈ రక్తానికి పరగడుపున వెళ్లక్కర్లేదు. ఏ తిండి పడదో చెబుతామంటూ వందల పదార్థాల పట్టిక చేతికిచ్చే ఖరీదైన ప్యాకేజీల జోలికి వెళ్లకు, వాటితో సీలియాక్ తేలదు. జన్యు పరీక్ష కూడా మొదట అక్కర్లేదు. అది లేదని వస్తే జబ్బు దాదాపు లేనట్టే. ఉందని వస్తే ఏమీ తేలనట్టే, జనంలో మూడోవంతు మందికి పైగా ఆ జన్యువులున్నాయని పైనే చెప్పాను కదా.

రిపోర్టులో అంకె ఒక్కటే చూడకు, పక్కన ఆ ల్యాబు రాసిన మామూలు హద్దు ఎంతో చూడు. దానికి పది రెట్లు మించితే పేగు దెబ్బతిన్నదనడానికి చాలా బలమైన ఆధారం. ఒకప్పుడు నిర్ధారణ అంటే పిల్లాడికి ప్రాణసంకటం. 1969లో యూరప్ నిపుణులు పెట్టిన నియమం ప్రకారం పేగు ముక్క మూడుసార్లు తీయాలి: తినేటప్పుడు, మానేశాక, మళ్లీ తినిపించాక. 1990లో ఒకసారికి తగ్గించారు. 2012లో, పది రెట్లు దాటి మిగతా ఆధారాలన్నీ కలిసొస్తే ముక్క తీయకుండానే తేల్చవచ్చన్నారు. 2020లో ఇంకా సులువు చేశారు: టీటీజీ పది రెట్లు దాటి, వేరేగా తీసిన రెండో రక్తంలో ఈఎంఏ అనే పరీక్ష కూడా ఉందని వస్తే తల్లిదండ్రులతో మాట్లాడి అక్కడితో నిర్ధారించవచ్చు.

అది చదివి మీ డాక్టరుతో ఎండోస్కోపీ వద్దని వాదించకు. అంకె పది రెట్లకు లోపు ఉంటే పేగు ముక్క చూడకుండా తేల్చకూడదు. మన దేశంలో పది రెట్లు దాటినా చూద్దామనే డాక్టర్లున్నారు, వాళ్లకు కారణాలున్నాయి. ల్యాబు ల్యాబుకీ కిట్లు వేరు, అంకెలు వేరు. జియార్డియా అనే పరాన్నజీవి, ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూ అనే పేగు జబ్బు, తీవ్రమైన పోషణలోపం కూడా చూషకాలను అరగదీస్తాయి. ఏది ఏమిటో విడదీయడానికి రక్తమూ పేగు ముక్కా పక్కపక్కన పెట్టి చూడాలి.

ఎండోస్కోపీ అంటే నీకు భయమని తెలుసు. ముందు కొన్ని గంటలు ఏమీ పెట్టకుండా ఉంచి, మత్తిచ్చి, సన్నటి గొట్టం నోటిద్వారా చిన్నపేగు మొదటి భాగం దాకా పంపుతారు. అసలు పని కొద్ది నిమిషాలదే. పేగు లోపలి పొరకు గిల్లిన నొప్పి తెలియదు. ఆ మొదటి భాగంలో ఆరంభపు ఉబ్బు దగ్గర కనీసం ఒక ముక్క, దాని తర్వాత కనీసం నాలుగు తీయాలి. దెబ్బ అక్కడక్కడా మచ్చలుగా ఉండొచ్చు కాబట్టి ఒకటి రెండు ముక్కలు చాలవు. ఎన్ని తీస్తారని ముందే అడుగు, ఏమీ అనుకోరు. మైక్రోస్కోపు కింద చూసి మార్ష్ అనే కొలమానంలో ఏ మెట్టు అన్నది రాస్తారు, ఆ కాగితం భద్రంగా దాచు. రక్తం రిపోర్టు వచ్చిన రోజుకీ ఎండోస్కోపీ రోజుకీ మధ్య గోధుమ ఆపకు. చాలామంది తల్లులు అంకె చూడగానే భయపడి ఆపేది ఆ మధ్యలోనే.

ఫోన్లో నువ్వు ఏడ్చిన విషయానికి వస్తాను. ఆరో నెలలోనే గోధుమ ఉగ్గు పెట్టినందుకా, పాలు తొందరగా మాన్పించినందుకా అన్నావు. కాదు తల్లీ. గోధుమ ముందు పెట్టినా వెనక పెట్టినా జబ్బు వచ్చే అవకాశంలో తేడా ఉందా అని యూరప్‌లో రెండు పెద్ద ప్రయోగాలు చేశారు. రెండూ 2014లో వచ్చాయి. ముందు పెట్టడం వల్లా వెనక పెట్టడం వల్లా జబ్బు ఆగలేదు, తల్లిపాలు కూడా ఆపలేకపోయాయి. నువ్వు చేసినదాంట్లో తప్పు లేదు. నీదే తప్పని ఇంట్లో ఎవరన్నా అంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

నిర్ధారణ అయ్యాక ఏం పెట్టాలన్నది ఇప్పుడే వివరంగా రాయను. తెలుగింటికి అది మరీ కష్టం కాదు. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి, సగ్గుబియ్యం ఏదీ వదలక్కర్లేదు. దాక్కుని వచ్చేవాటితోనే చిక్కు. బజారు ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు. మాల్ట్ కలిపిన పాలపొడుల్లో బార్లీ ఉంటుంది. ఉప్మారవ్వ, సేమియా గోధుమవే. అన్నవరం ప్రసాదం గోధుమనూకతో చేసేది, కళ్లకద్దుకుని పక్కవాళ్లకివ్వాలి. జొన్నలు పట్టించేటప్పుడు అదే మరలో అంతకుముందు గోధుమలు ఆడించి ఉంటే పిండి పనికిరాదు. ప్యాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశంలో నియమం ఉంది, ఆ ముద్ర చూసి కొను. సరిగ్గా పాటిస్తే ముందు వాడి చిరాకు తగ్గుతుంది, తర్వాత బరువు, ఆపైన ఎత్తు అందుకుంటాయి. టీటీజీ అంకె దిగడానికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. దిగుతున్నంతకాలం దిగులుపడకు.

ఇంకొకటి, మీ పెద్దమ్మాయి గురించి. దానికి ఏ బాధా లేదన్నావు. మలబద్ధకం ఉందని, పళ్ల మీద పైపూత గీతలు గీతలుగా పోయిందని మాత్రం మాటల మధ్యలో చెప్పావు. ఈ జబ్బు అందరిలోనూ విరేచనాలతో రాదు. మలబద్ధకం, పొట్టితనం, పళ్ల ఎనామిల్ లోపం, నోట్లో పుళ్లు, ఆలస్యంగా ఈడేరడం, ఇలా ఏ రూపంలోనైనా రావచ్చు, ఏ లక్షణమూ లేకుండానూ ఉండొచ్చు. ఇంట్లో ఒకరికి ఉంటే తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో నూటికి ఏడెనిమిది మందికి తేలుతుంది. చిన్నాడికి నిర్ధారణ అయితే దానికీ, నీకూ, మీ ఆయనకూ అదే రక్తపరీక్ష చేయించాలి. అప్పటిదాకా దాని తిండిలో కూడా ఏమీ మార్చకు.

ఈ వారంలోనే పిల్లల జీర్ణకోశ వైద్యుల దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. టీకాల పుస్తకం, పాత రక్తం రిపోర్టులు వెంట తీసుకెళ్లు. టీటీజీ-ఐజీఏ, మొత్తం ఐజీఏ రెండూ రాశారో లేదో చీటీ మీద చూసుకుని ల్యాబుకు వెళ్లు. రిపోర్టు రాగానే ల్యాబు హద్దు కనిపించేలా ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి ఫోన్ చేసేదాకా రేపటి డబ్బాలో పరాఠా యథాప్రకారం పెట్టు.

ఇట్లు
మీ పెద్దమ్మ